సలేశ్వరం నడక భాద్రపదంలోనే మొదలు కావలెను

చైత్ర పౌర్ణమి సమీపించగానే నాగర్‌కర్నూలు, అచ్చంపేట, వనపర్తి, గద్వాల ప్రాంతాల వైద్యుల వద్దకు ఒకే ప్రశ్నతో జనం వస్తుంటారు. "అయ్యగారూ, ఈసారి సలేశ్వరం పోదామనుకుంటున్నాము. నేను నడవవచ్చునా?" అడిగేవారు మోకాళ్ళ నొప్పులున్న గృహిణి కావచ్చును, మధుమేహానికి మందులు వాడుతున్న ఉద్యోగి కావచ్చును, పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడు కావచ్చును. సుమారు నాలుగు దశాబ్దాలుగా నేనీ ప్రశ్న వింటున్నాను. ప్రశ్న మంచిదే గాని అడిగే కాలం సరియైనది కాదు. వారం రోజుల ముందు వచ్చినవారికి వైద్యుడు నాడి చూచి ఔననో కాదనో చెప్పగలడు. లేని బలాన్ని ఆ వారంలో సమకూర్చలేడు.

సలేశ్వరం గురించి ఈ మూడు జిల్లాల వారికి వేరుగా చెప్పవలసిన పని లేదు. నల్లమల నడుమ లోతైన లోయలో, జలపాతం పక్కన గుహలో వెలసిన లింగమయ్య చెంచుల ఇలవేల్పు. ఏటా చైత్ర పౌర్ణమికి కొద్ది రోజులు మాత్రమే అటవీశాఖ వారు దారి తెరుస్తారు. వాహనాలు ఆగిన చోటి నుండి కొన్ని కిలోమీటర్లు రాళ్ళ బాటపై నడచి, ఇరుకైన చరియల వెంట లోయలోనికి దిగి, మరల అదే దారిన ఎక్కి రావలెను. ఎండ ముదిరిన రోజులు, ఇసుక వేస్తే రాలనంత జనం, చేతిలో సరిపడని నీరు. 2023 ఏప్రిల్‌లో జరిగిన జాతరలో రద్దీకి తాళలేక కొందరు భక్తులు ప్రాణాలు కోల్పోయారు. ఆ వార్త చదివినవారు ఒకటి రెండు రోజులు విచారించి, రద్దీని గురించి, ఏర్పాట్లను గురించి మాట్లాడుకున్నారు. అవి మాట్లాడుకోవలసిన విషయాలే. కాని వైద్యునిగా నాకు తోచిన మరొక మాట ఉన్నది. ఏడాదిలో పదకొండు నెలలు కుర్చీ దిగని శరీరాన్ని ఒక్కరోజున, అదీ మండుటెండలో, కొండ ఎక్కించి దింపవచ్చుననే మన నమ్మకాన్ని గురించి ఎవరూ మాట్లాడలేదు.

ఈ నమ్మకానికి మరొక ముఖం కూడా ఉన్నది. "నీవు నడవలేవు, ఇంట్లో ఉండు" అని పెద్దలను, కాలు సరిగా లేనివారిని, చూపు మందగించినవారిని, బరువెక్కిన ఆడవారిని ఇంటివద్దనే వదలిపెట్టడం. నడవగలవారు అడవికి పోతారు, నడవలేనివారు ఇంటికి కాపలా ఉంటారు. మొదటి పద్ధతి వలన కొందరు ఒక్కరోజులో దెబ్బతింటారు. రెండవ పద్ధతి వలన ఎందరో సంవత్సరాల తరబడి మెల్లమెల్లగా క్షీణిస్తారు. రెండింటికీ మందు ఒక్కటే అని నా అభిప్రాయం. ఇరుగుపొరుగు కుటుంబాలు కలసి ఏడాది పొడుగునా నెలకొక నడకను ముందుగానే నిర్ణయించుకొనవలెను. ఆ నడకలు ఋతువులను అనుసరించి ఉండవలెను. ప్రతి నడకలోనూ బలవంతునికి, బలహీనునికి, నడిమి వానికి చోటుండవలెను.

అధ్వము వేరు, చంక్రమణము వేరు

మన శాస్త్రంలో నడకకు రెండు పేర్లున్నవి. దూరప్రయాణంగా చేసే నడక అధ్వము. దేహానికి పీడ కలుగకుండా మెల్లగా చేసే నడక చంక్రమణము. సుశ్రుతాచార్యులు చికిత్సా స్థానంలో ఈ రెండింటి గుణాలను వేరువేరుగా చెప్పియున్నారు. అధ్వము కఫాన్ని, స్థౌల్యాన్ని తగ్గిస్తుంది గాని దానితోపాటు దేహకాంతిని, సుకుమారతను కూడా హరిస్తుంది. అది మితిమీరితే ముసలితనాన్ని, దౌర్బల్యాన్ని తెచ్చిపెడుతుంది. చంక్రమణము అట్టిది కాదు. అది ఆయువును, బలాన్ని, మేధను, జఠరాగ్నిని వృద్ధి చేసి ఇంద్రియాలను మేలుకొలుపుతుంది.

నా వద్దకు వచ్చేవారిలో చాలమంది ఈ భేదం ఎరుగరు. "నడక మంచిదన్నారు గదా" అని ఒకేసారి పది కిలోమీటర్లు నడచి, మరునాడు పిక్కలు పట్టుకుని కూర్చుంటారు. మరికొందరు వాగ్భటుడు వృద్ధులకు, బాలురకు, వాతపిత్త రోగులకు, అజీర్ణంతో ఉన్నవారికి వ్యాయామాన్ని నిషేధించినాడు గదా అని కదలక మెదలక కూర్చుంటారు. వాగ్భటుడు వద్దన్నది దేహాన్ని శ్రమపెట్టే వ్యాయామాన్ని. నీడపట్టున నాలుగడుగులు మెల్లగా వేయడం ఆ నిషేధంలోనికి రాదు.

బలవంతులకు కూడా వాగ్భటుడు ఒక హద్దు గీచినాడు. స్నిగ్ధమైన ఆహారం తినే బలశాలి సైతం చలికాలంలోనూ, వసంతంలోనూ తన శక్తిలో సగం వరకే వ్యాయామం చేయవలెను. తక్కిన కాలాలలో అంతకంటెను తక్కువ. సగం శక్తిని ఎట్లు తెలుసుకొనుట? నుదుట, ముక్కుపై, చంకలలో చెమట పట్టి నోరు ఆరనారంభించినచో సగం శక్తి వ్యయమైనదని గుర్తు. ఇంకొక సులభమైన పరీక్ష ఉన్నది. నడుస్తూ పక్కవారితో ఒక పూర్తి వాక్యం ఎగశ్వాస లేకుండా మాట్లాడగలిగితే హద్దులో ఉన్నట్లు. మాట మధ్యలో తెగిపోతుంటే ఆగవలెను.

బలం మూడు విధాలు

చరక సంహితలో బలాన్ని మూడు విధాలుగా విభజించినారు. పుట్టుకతో వచ్చినది సహజ బలం. ఋతువును, వయస్సును బట్టి హెచ్చుతగ్గులు పొందేది కాలజ బలం. ఆహార విహారాలతో మనం సంపాదించుకొనేది యుక్తికృత బలం. మొదటిది మన చేతిలో లేదు. రెండవదానిని తెలుసుకొని నడుచుకొనవచ్చును. మూడవది పూర్తిగా మన కృషి ఫలమే.

"మా తాతలు సలేశ్వరానికి, శ్రీశైలానికి కాలినడకన పోయిరాలేదా?" అని అడిగేవారున్నారు. నిజమే. శ్రీశైలానికి చెప్పే నాలుగు ముఖద్వారాలలో ఉత్తర ద్వారమైన ఉమామహేశ్వరం, పశ్చిమ ద్వారమైన అలంపురం మన ప్రాంతంలోనే ఉన్నవి. ఆ ద్వారాల గుండా మనవారు తరతరాలుగా నడచినారు. కాని ఆ తాతలు తెల్లవారక ముందే పొలానికి నడచేవారు, సంతకు నడచేవారు, చుట్టాల ఊరికి నడచేవారు. జాతర నడక వారికి ఏడాది నడకలో ఒక భాగం. మనకు పాల ప్యాకెట్టుకు పోవడానికి కూడా స్కూటరు కావలెను. తాతల భక్తిని వారసత్వంగా పొందవచ్చును గాని వారి పిక్కబలం మనకు సంక్రమించదు. దానిని ఎవరికి వారు ఆర్జించుకొనవలసిందే.

ఏడాదికి ఆరంభం ఎక్కడ?

సూర్యుడు ఉత్తరాయణంలో ఉన్న శిశిర, వసంత, గ్రీష్మ ఋతువులు ఆదాన కాలం. ఆ ఆరు నెలలలో సూర్యుడు ప్రాణుల బలాన్ని క్రమంగా గ్రహిస్తాడు. వర్ష, శరత్, హేమంత ఋతువులు విసర్గ కాలం. ఈ ఆరు నెలలలో బలం క్రమంగా తిరిగి చేకూరుతుంది. గ్రీష్మాంతంలోనూ, వర్షారంభంలోనూ బలం మిక్కిలి తక్కువ. హేమంత శిశిరాలలో మిక్కిలి ఎక్కువ. వసంత శరత్తులలో మధ్యమం.

దీనిని బట్టి నడక సంవత్సరాన్ని ఉగాదితో మొదలుపెట్టడం సరికాదు. బలం తరుగుతున్న కాలంలో కొత్త శ్రమకు పూనుకొన్నట్లవుతుంది. వానలు నెమ్మదించే భాద్రపదంలో చిన్న నడకతో మొదలుపెట్టి, శరత్తులో పెంచి, మార్గశిర పుష్యాలలో పూర్తి కొలతకు చేరి, ఫాల్గుణం నుండి తగ్గించుకొనవలెను. అట్లు ఏడెనిమిది నెలలు నడచినవానికి చైత్రంలో సలేశ్వరం పోవచ్చునా లేదా అనే సందేహానికి సమాధానం ఏ వైద్యుడూ చెప్పనక్కరలేదు. వాని కాళ్ళే చెబుతవి.

ఇక్కడ దేశాన్ని కూడా గమనించవలెను. శాస్త్రం చైత్రాన్ని వసంతంలో లెక్కించినది. మన పాలమూరు సీమ వానలు తక్కువైన రాతినేల, జాంగల లక్షణాలు గల దేశం. ఏప్రిల్‌లో ఎండ 40 డిగ్రీలకు చేరుతుంది. బండలు వేడెక్కి రాత్రి వరకూ సెగలు క్రక్కుతవి. కావున మనవారు చైత్రం నుండే గ్రీష్మ నియమాలు పాటించుట మేలు.

మూడు వరుసల పద్ధతి

నేను గురుకులంలో చదువుకొనే రోజులలో మా గురువుగారు మూలికలను చూపించడానికి శిష్యులను వెంటబెట్టుకొని గుట్టలకు తీసుకొనిపోయేవారు. అందరికంటె చిన్నవాడిని, లేదా ఆనాడు ఒంట్లో నలతగా ఉన్నవాడిని ముందు నడిపించేవారు. బలంగా ఉన్న మేము నీళ్ళ బిందెలు మోస్తూ చివర నడచేవాళ్ళము. ముందువాని అడుగే అందరికీ కొలత. ఆ పద్ధతిలో ఒక్కడైనా వెనుకబడటం నేను చూడలేదు. ఈనాటి బృందాలలో దీనికి విపరీతంగా జరుగుతున్నది. యువకులు ముందు ఉరుకుతారు, నీడ దొరికిన చోట కూర్చుని విశ్రాంతి తీసుకుంటారు, వెనుకవారు ఆయాసపడుతూ అక్కడికి చేరగానే "ఇక పదండి" అని లేస్తారు. విశ్రాంతి అవసరమైనవారికే విశ్రాంతి దక్కదు.

కావున ప్రతి నడకకు స్థలం ఒకటే నిర్ణయించి, అందులో మూడు వరుసలు ఏర్పరచవలెను. నీడ వరుస, గట్టు వరుస, గుట్ట వరుస అని పిలుచుకుందాము. నీడ వరుస వారు 20 నుండి 30 నిమిషాలు సమతలంపై నడచి చెట్టు క్రింద కూర్చుంటారు. గట్టు వరుస వారు గంట, గంటంబావు నడుస్తారు. గుట్ట వరుస వారు రెండు రెండున్నర గంటలు ఎక్కి దిగుతారు. ముగ్గురూ ఒకేచోట బయలుదేరవలెను, ఒకేచోట కలసి భోజనం చేయవలెను. ఏనాడు ఏ వరుసలో నడవవలెనో ఎవరికి వారే ఆ ఉదయం నిర్ణయించుకొనవలెను. రాత్రి నిద్ర లేనివాడు, తిన్నది అరగనివాడు ఎంత బలశాలియైనా ఆనాడు నీడ వరుసలో ఉండవలెను. అది చిన్నతనమని ఎవరూ తలపరాదు, ఎవరూ పరిహాసం చేయరాదు. ప్రతి వరుసలోనూ నిలకడ గల మనిషి ఒకరు ఉండి తీరవలెను.

బయలుదేరడానికి ముందురోజే ఒకరు వెళ్ళి దారి చూచి రావలెను. మెట్లు ఎన్ని, పట్టుకొనడానికి కమ్మి ఉన్నదా, నీడ ఎక్కడెక్కడ, మంచినీరు ఎక్కడ, వాహనం ఎంతవరకు పోగలదు అనేవి వ్రాసుకొని రావలెను. మరుగుదొడ్డి ఉన్నదో లేదో తప్పక చూడవలెను. ఈ ఒక్క సంగతి మగవారు మరచుట వలన ఆడవారు ప్రయాణమంతా నీళ్ళు త్రాగక మూత్రకృచ్ఛ్రంతో నా వద్దకు రావడం ఎన్నోసార్లు చూచినాను. చూపు లేనివారిని చేయిపట్టి లాగరాదు. నడిపించేవారి మోచేతిని వారే పట్టుకొని ఒక అడుగు వెనుకగా నడవడం వారికి సుఖం. చక్రాల కుర్చీలో ఉన్నవారికి చెరువు గట్టు, గుడి ప్రాంగణం అనువైనవి. కోనేటి గాలి, ఆకుల వాసన, నీటి చప్పుడు అనుభవించడానికి కాళ్ళ బలంతో పని లేదు.

నెలనెలా ఒక నడక

మన జిల్లాలలో స్థలాలకు కొరత లేదు. ఒక నమూనా చెబుతాను. మీ ఊరి దూరాన్ని బట్టి మార్చుకొనవచ్చును.

భాద్రపదంలో శ్రీరంగాపురం. రంగనాయకస్వామి ఆలయం, చుట్టూ చెరువు. అందరికీ అనువైన సమతలం. మొదటి నెల కావున గుట్ట వరుస వారు కూడా గంటకు మించరాదు.

ఆశ్వయుజంలో వనపర్తి సమీపాన సరళాసాగర్ కట్ట. 1949లో మొదలై 1959లో పూర్తయిన ఈ జలాశయానికి నీరు నిండగానే తనంతట తానే పారే సైఫన్ల ఏర్పాటు ఉన్నది. పిల్లలకు చూపించవలసిన విశేషం. శరత్తులో పిత్తం ప్రకోపిస్తుంది గాన ఎండ ఎక్కక ముందే నడక ముగించవలెను.

కార్తికంలో కొల్లాపురం వద్ద సోమశిల. కృష్ణ ఒడ్డున నడక, ఉసిరిక చెట్టు క్రింద వనభోజనం. ఆహారాన్ని, విహారాన్ని, ఔషధ వృక్షాన్ని ఒక్కచోట చేర్చిన ఆచారమది. ఇప్పుడు వ్యానులో దిగి, తిని, వ్యానెక్కడంగా మారిపోయింది. భోజనానికి ముందు అరగంట నడక చేర్చితే ఆచారానికి ప్రాణం పోసినట్లవుతుంది.

మార్గశిరంలో ఖిల్లా ఘనపురం. గుట్ట వరుస వారు కోట ఎక్కవలెను, గట్టు వరుస వారు సగం దూరం, నీడ వరుస వారు క్రింద చెరువు దగ్గర. పుష్యంలో ఉమామహేశ్వరం. కొండపై వరకు వాహనం పోతుంది కావున వృద్ధులకు కూడా దర్శనం సాధ్యం. కొండచరియ నీడన నడక, పాపనాశనం నీటి చల్లదనం హృద్యంగా ఉంటవి. సంక్రాంతికి బ్రహ్మోత్సవాల రద్దీ ఉంటుంది గాన ముందో వెనుకో పోవలెను. మాఘంలో వటవర్లపల్లి వద్ద మల్లెలతీర్థం. 300కు పైగా మెట్లు దిగవలెను. దిగడం తేలిక, ఎక్కడం కష్టమని అందరూ అనుకుంటారు. గుండెకు, ఊపిరికి ఎక్కడం కష్టం. మోకాళ్ళకు దిగడమే ఎక్కువ కష్టం. మోకాళ్ళలో వాతం ఉన్నవారు పైనే ఆగవలెను. లేదా ఆ వరుస వారు ఫరహాబాద్ వద్ద అటవీశాఖ వాహనంలో కొండ అంచుకు పోయి లోయను చూచి రావచ్చును.

ఫాల్గుణంలో అలంపురం. బాదామి చాళుక్యుల కాలపు నవబ్రహ్మాలయాల నడుమ, తుంగభద్ర ఒడ్డున ఉదయపు నడక. చైత్రంలో, పై నడకలలో గట్టు, గుట్ట వరుసలు ఇబ్బంది లేకుండా పూర్తిచేసినవారే సలేశ్వరం పోవలెను. తక్కినవారు మరల ఉమామహేశ్వరం పోయి లింగమయ్యకు అక్కడి నుండే నమస్కరించవచ్చును. వైశాఖ జ్యేష్ఠాలలో ఊరు దాటవద్దు. గద్వాల వారు కోట ప్రాంతంలో, తక్కినవారు తమ ఊరి చెరువు గట్టున, సూర్యోదయానికి ముందు అరగంట చాలును. ఆషాఢ శ్రావణాలలో వాతం ప్రకోపిస్తుంది, దారి జారుతుంది. వాన తెరపి ఇచ్చిన రోజున జూరాల నీటిని దూరం నుండి చూచి వచ్చి, తక్కిన రోజులు ఇంటి వసారాలో చంక్రమణం చేయవలెను.

ఈ 12 నడకలు మాత్రమే బలాన్నివ్వవు. వారానికి నాలుగైదు రోజులు మీ వీధిలో 20 నుండి 45 నిమిషాల నడక దీనికి పునాది. నెల నడక ఆ అభ్యాసానికి పండుగ వంటిది.

కొందరి అభ్యంతరాలు

"అది పులుల అడవి. అక్కడ విహారాలేమిటి?" అని ఒక ఆక్షేపణ. నేనంగీకరిస్తాను. అమ్రాబాద్ పులుల అభయారణ్యం 2,600 చదరపు కిలోమీటర్లకు పైబడినది. జూలై నుండి సెప్టెంబరు వరకు సందర్శకులకు మూసివేస్తారు. రాత్రి 9 గంటల నుండి ఉదయం 6 వరకు అడవి దారిలో వాహనాలను అనుమతించరు. అందుకే నేను చెప్పిన నడకలలో అధికభాగం చెరువు గట్లు, నదీతీరాలు, కోటలే. నల్లమలలోనికి పోయే రెండు మూడు నడకలు అనుమతి ఉన్న చోటికే, అనుమతి ఉన్న వేళలోనే, స్థానికుడైన చెంచు మార్గదర్శి వెంట ఉండగానే జరగవలెను. ఆ మార్గదర్శికి తగిన ప్రతిఫలం ఇవ్వవలెను. పెంటలు వారి ఇండ్లు, మనం చూడటానికి పెట్టిన ప్రదర్శనలు కావు. మూలికలు కనిపించినవి గదా అని పెరికి తేవడం చట్టవిరుద్ధం, ధర్మవిరుద్ధం కూడా. చూచి గుర్తుపట్టుట విద్య. పెరికి తెచ్చుట దొంగతనం.

"దేవుడే నడిపిస్తాడు" అనేది రెండవ మాట. భక్తిని నేను తక్కువ చేయను. కాని దేవుడిచ్చిన దేహాన్ని సిద్ధం చేసుకొనుట కూడా భక్తిలో భాగమే. మధుమేహం ఉన్నవారు మొక్కు పేరుతో చెప్పులు లేక రాళ్ళపై నడవరాదు. వారి పాదాలకు స్పర్శ తగ్గి ఉంటుంది. గాయమైనది తెలియదు, తెలిసేసరికి పుండు పడుతుంది. చెప్పులు దైవసన్నిధిలో విడవవలెను, బాటలో కాదు.

గృహిణులకు కొన్ని సూచనలు

నడకకు ముందు రాత్రి తేలికగా భుజించి త్వరగా నిద్రించవలెను. ఉదయం గోరువెచ్చని నువ్వుల నూనెతో మోకాళ్ళకు, పిక్కలకు, పాదాలకు మర్దనం చేసి, నూనె తుడిచి బయలుదేరవలెను. ఖాళీ కడుపుతోనూ, నిండు కడుపుతోనూ నడవరాదు. జొన్నరొట్టె, పల్లీల పొడి, పెరుగన్నం వంటి సద్ది చాలును. వేయించిన పిండివంటలు దాహాన్ని పెంచుతవి. శొంఠి, జీలకర్ర, ఉప్పు కలిపిన పలుచని మజ్జిగ అలసటకు దివ్యమైన పానీయం. ఎండ రోజులలో లీటరు నీటిలో ఆరు చదును చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి వెంట ఉంచుకొనవలెను. మధుమేహ రోగుల జేబులో బెల్లం ముక్కయో చక్కెరయో ఉండవలెను. ఇంటికి వచ్చిన పిమ్మట ఉప్పు వేసిన గోరువెచ్చని నీటిలో పాదాలుంచి, తడి తుడిచి, వ్రేళ్ళ సందులు పరీక్షించుకొనవలెను. మధుమేహం ఉన్నవారు నీటి వేడిని ఇంటివారి చేత చూపించుకొని, పాదాలను ఎక్కువసేపు నానబెట్టకుండా కడిగి తీయవలెను.

గుండెజబ్బు, రక్తపోటు, ఉబ్బసం, మూర్ఛ ఉన్నవారు తమ వైద్యుని సంప్రదించిన పిమ్మటనే పేరు నమోదు చేసుకొనవలెను. వాడుతున్న మందులు మానరాదు. ఎండలో ఉన్నవారు తికమకగా మాట్లాడినా, ఒళ్ళు కాలిపోతున్నా, తూలినా వెంటనే నీడకు చేర్చి, తడిగుడ్డలతో చల్లబరచి, 108కి ఫోను చేయవలెను. స్పృహ సరిగా లేనివారి నోట ఏమీ పోయరాదు. పాము కరచినచో కోయడం, పీల్చడం, గట్టిగా కట్టడం, ఆకుపసరు పోయడం పనికిరావు. కదలనీయక ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చవలెను. విషానికి విరుగుడు సూదిమందు అక్కడ ఉంటుంది. ఇది చెప్పడానికి ఆయుర్వేద వైద్యునిగా నాకేమీ సంకోచం లేదు.

ఇది చదివినవారు ఖర్చుకో, తీరికకో భయపడనవసరం లేదు. నాలుగు కుటుంబాలు, ఒక పంచాంగం, ఒక నోటు పుస్తకం ఉంటే చాలును. పంచాంగం తెరిచి ఏడాదికి 12 తేదీలు వ్రాయండి. ప్రతి తేదీ ప్రక్కన స్థలం, ముందురోజు దారి చూచి వచ్చేవారి పేరు వ్రాయండి. తరువాత పేర్ల పట్టిక మొదలుపెట్టండి. ఆ పట్టికలో మొట్టమొదట మీ వీధిలో అందరికంటె మెల్లగా నడిచేవారి పేరు ఉండవలెను. వారు ఎంత దూరం రాగలరో అడిగి తెలుసుకొని, మొదటి నడకను దానికి తగినట్లు నిర్ణయించండి.